ఫోన్‌లో పులి, బోర్డు ముందు పిల్లి: చెస్ టోర్నమెంట్‌లో వణుకు, తప్పులు

ఈ ఎపిసోడ్ మా ఊరి నుంచే, ఈపూరు నుంచే రికార్డ్ చేస్తున్నాను. వెనకాల కోడి కూస్తే ఏమీ అనుకోకండి, దాన్ని ఎడిటింగ్‌లో తీసేసే ఓపిక నాకు లేదు.

మొన్న రాత్రి భోజనాల దగ్గర మా మేనల్లుడు ఒక ప్రశ్న అడిగాడు. వాడు ఏడో తరగతి. వచ్చే శనివారం వాడి మొదటి రేటెడ్ చెస్ టోర్నమెంట్. అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, "మామయ్యా, ఆడేటప్పుడు చేతులు వణికితే ఆర్బిటర్ ఏమన్నా అంటారా?" అన్నాడు. మా అక్క నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ చేతులు నాకు తెలుసు. అందుకే ఈ ఎపిసోడ్. వాడి కోసమే చేస్తున్నా, ఫోన్‌లో చెస్ ఆడే మీ అందరికీ పనికొస్తుంది.

నా కథ ముందు చెప్పేస్తాను. బీటెక్ అయ్యాక నేను నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. ఆ నాలుగేళ్లూ రాత్రి పన్నెండు తర్వాత నా పని ఒక్కటే, మంచం మీద పడుకుని ఫోన్‌లో మూడు నిమిషాల బ్లిట్జ్ ఆడటం. యాప్‌లో రేటింగ్ 1800 దాటింది. మనసులో ఒక లెక్క వేసుకున్నా, 'ఇక మనం ప్లేయర్ అయిపోయాం' అని. 26 ఏళ్లప్పుడు మొదటిసారి నిజం టోర్నమెంట్‌కి పేరిచ్చాను. ఊరి పేరు చెప్పను. ఒక కాలేజీ ఆడిటోరియం, వరసగా బల్లలు, పైన ఫ్యాన్ల చప్పుడు, కింద రెండొందల మంది ఉన్నా మాట లేదు. ఆ నిశ్శబ్దం ఫోన్‌లో ఉండదు చూడండి. అదే మొదట కొడుతుంది మనిషిని.

నా ఎదురుగా వచ్చి కూర్చున్నది పదేళ్ల పిల్లాడు. కాళ్లు నేలకి అందట్లేదు. కార్టూన్ బొమ్మ ఉన్న నీళ్ల సీసా. నేను మొదటి ఎత్తు ఆడబోతుంటే నా చెయ్యి నా మాట వినట్లేదు. బంటుని పట్టుకుంటే పక్క బంటు పడిపోయింది. సరే, లేపి పెట్టాను. పన్నెండో ఎత్తు ఆడి, చాలా బాగా ఆడాననుకుని వెనక్కి వాలాను. పిల్లాడు ఆలోచిస్తూనే ఉన్నాడు. పది నిమిషాలు, పదిహేను నిమిషాలు. భయపడ్డాడు పాపం అనుకున్నా. తీరా చూస్తే నడుస్తున్నది నా గడియారం. ఎత్తు ఆడి గడియారం నొక్కడం మర్చిపోయాను! వాడు సీలింగ్ వంక చూస్తూ కూర్చున్నాడు. చెప్పాల్సిన బాధ్యత వాడికి లేదు, రూల్ ప్రకారం అది నా పని. యాప్‌లో గడియారం దానంతట అదే మారుతుంది కదా, నా వేళ్లకి ఆ అలవాటే లేదు.

ఆ గేమ్ పోయింది. రెండోదీ పోయింది. మూడోది రెండో రోజు పొద్దున. అందులో నేను గెలిచే పొజిషన్‌లో ఉన్నాను. అక్కడ ఏనుగు ఆడాలి. చెయ్యి తొందరపడి పక్కనున్న మంత్రిని ముట్టుకుంది. ముట్టుకున్న పావే ఆడాలి, అది రూల్. మంత్రి వెళ్లి చావడానికి తప్ప వేరే గడి లేదు.

లేచి బయటికి వచ్చేశాను. మధ్యాహ్నం రెండున్నరకి నాలుగో రౌండ్. ఆర్బిటర్‌కి చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు, బస్సెక్కేశాను. నా జోడీగా పడిన కుర్రాడు బోర్డు ముందు కూర్చుని ఖాళీ కుర్చీ వంక చూస్తూ ఉన్నాడట. వాళ్ల నాన్న కిటికీ అవతల నిలబడి ఉన్నాడట. అక్కడే ఆడిన ఒకతను తర్వాత చెప్పాడు. ఆ కుర్రాడికి పాయింట్ వచ్చింది, కానీ ఆట రాలేదు. ఆడని గేమ్ రేటింగ్ లెక్కలోకి రాదు. మొదటి రేటింగ్ రావాలంటే రేటింగ్ ఉన్నవాళ్లతో కనీసం అయిదు గేములు ఆడాలి. నాకు రేటింగ్ లేదు కాబట్టి వాడికి ఆ లెక్కలో నష్టం లేదనుకోండి. కానీ డబ్బు కట్టి, బస్సు ఖర్చు పెట్టుకుని వచ్చింది ఆడటానికే కదా. ఇన్నేళ్లయినా నాకు గుర్తొచ్చేది ఆ మంత్రి కాదు, ఆ కుర్చీ.

సరే, అసలు విషయానికి వద్దాం.

వణుకు ఎందుకొస్తుంది? శరీరానికి చెస్ అంటే తెలీదండీ. 'ఏదో పెద్దది జరుగుతోంది' అన్న కబురు మెదడు నుంచి వెళ్తే చాలు, అడ్రినలిన్ దిగుతుంది, గుండె వేగం పెరుగుతుంది, చేతి కండరాలు పరిగెత్తడానికో కొట్లాడటానికో సిద్ధమైపోతాయి. మనమేమో కుర్చీలో కూర్చుని అంగుళం ఎత్తు బంటుని జరపాలి. ఆ శక్తి ఎక్కడికి పోవాలి? వేళ్లలోంచి పోతుంది. అంతే విషయం. పిరికితనానికి దీనికి సంబంధం లేదు.

ఇక్కడొక తమాషా చెప్తా. బెంగళూరులో నా పాత రూమ్మేట్ ఒకడు పోకర్ పిచ్చోడు. డబ్బు పెట్టి ఆడే పేకాటని మన రాష్ట్రంలో ఆన్‌లైన్‌లో 2020లోనే నిషేధించారు, 2025 ఆగస్టులో కేంద్రం కూడా ఆన్‌లైన్ డబ్బు ఆటల మీద చట్టం తెచ్చింది, మంచి పని. కాబట్టి ఎవరూ ఆ వైపు వెళ్లొద్దు. మన పల్నాడులో కోడిపందెం ఓడితే ఏమవుతుందో బ్రహ్మనాయుడి కథలో చిన్నప్పటి నుంచీ విన్నవాళ్లమే కదా, ఏడేళ్లు వలస పోవాల్సొచ్చింది! కానీ టోర్నమెంట్ భయం గురించి పోకర్ వాళ్లు ఎంత లోతుగా ఆలోచించారో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. మైక్ కారో అనే ఆయన 1984లో ఎదుటివాళ్ల శరీర భాష గురించి ఒక పుస్తకం రాశాడు. అందులో ఏమంటాడంటే, ఎదుటివాడి చెయ్యి ఉన్నట్టుండి వణికితే వాడు అబద్ధమాడుతున్నాడనుకోవద్దు, చాలాసార్లు వాడి దగ్గర గొప్ప ముక్కలు ఉన్నట్టే అని.

ఆలోచించండి. ఓడిపోతున్నప్పుడు వచ్చే వణుకు కన్నా, గెలుపు కనపడినప్పుడు వచ్చే వణుకు ఎక్కువ. నా మూడో గేమ్‌లో మంత్రిని ముట్టుకున్నది కూడా గెలుస్తున్నప్పుడే. అది అప్పుడు నాకు తెలిసుంటే!

దీనికి అందరూ చూసిన ఉదాహరణ ఒకటుంది. 2024 డిసెంబర్ 12, సింగపూర్. ప్రపంచ ఛాంపియన్‌షిప్ చివరి గేమ్, పద్నాలుగోది. స్కోరు 6.5 - 6.5. ఒక వైపు చైనా ఛాంపియన్ డింగ్ లిరెన్, ఇటు 18 ఏళ్ల గుకేశ్, చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగింటి అబ్బాయి. డ్రా అయ్యేలా ఉన్న గేమ్‌లో 55వ ఎత్తు దగ్గర డింగ్ ఏనుగుని ఎఫ్2 గడిలో పెట్టాడు. అది పెద్ద తప్పు. ఏనుగులు, ఆ తర్వాత బిషప్‌లు మారిపోతే మిగిలేది బంట్ల ఆట, అందులో గుకేశ్‌కి ఒక బంటు ఎక్కువ, గెలుపు ఖాయం.

వీడియోలో గుకేశ్ మొహం చూడండి. కళ్లు పెద్దవవుతాయి. కానీ చెయ్యి వెంటనే లేవదు. నీళ్లు తాగుతాడు, సర్దుకుంటాడు, మళ్లీ లెక్క చూసుకుంటాడు. తర్వాత ఆయన చెప్పిన మాట ఇంకా ముఖ్యం: ఆ తప్పు తనకి వెంటనే కనపడలేదట, తన ఏనుగుతో వేరే ఎత్తు ఆడబోయి, ఆగి చూస్తే బిషప్ ఇరుక్కుందని తెలిసిందట. అంటే ఆ కాసేపు ఆగడంలోనే ప్రపంచ కిరీటం ఉంది. నేనైతే ఆ పాటికి ఆడేసి గడియారం నొక్కేసేవాణ్ణి. అహ, నొక్కడం కూడా మర్చిపోయేవాణ్ణి.

అన్నట్టు ఆ మ్యాచ్‌కి గుకేశ్ వెనకున్న టీమ్‌లో మన గుంటూరు పెంటేల హరికృష్ణ ఉన్నారు. 2022 ఏప్రిల్‌లో పల్నాడు విడిపోయే దాకా మా ఈపూరు కూడా గుంటూరు జిల్లానే కాబట్టి, మా జిల్లా మనిషి అని చెప్పుకునే హక్కు నాకుంది. మనసుని సిద్ధం చేయడానికి ప్యాడీ ఆప్టన్ పనిచేశారు, 2011లో మన క్రికెట్ టీమ్ ప్రపంచ కప్ గెలిచినప్పుడు ఉన్నాయన. ప్రపంచ ఛాంపియన్ కాబోయేవాడే భయానికి ఒక కోచ్‌ని పెట్టుకున్నాడు. మనకి భయం ఉందని చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

ఇప్పుడు రెండో సంగతి, తప్పు చేశాక ఏం చేయాలి. నా లెక్కలో అసలు సమస్య ఇదే. మొదటి తప్పు ఎవరైనా చేస్తారు. గేమ్‌ని చంపేది దాని వెనకే వచ్చే రెండో తప్పు.

పోకర్ వాళ్లకి దీనికొక మాట ఉంది, 'టిల్ట్'. పాతకాలం పిన్‌బాల్ మెషీన్ నుంచి వచ్చింది. బంతి సరిగ్గా పోలేదని కోపంతో మెషీన్‌ని గుద్దితే 'టిల్ట్' అని లైటు వెలిగి మీటలు పనిచేయడం మానేస్తాయి. మనిషీ అంతే. ఒక దెబ్బ తగిలాక కోపంతో ఆడే ఆట మనది కాదు. మీకిది బాగా తెలుసు: రాత్రి ఒంటిగంటకి ఒక గేమ్ ఓడిపోతారు, 'రీమ్యాచ్' బటన్ నొక్కుతారు, మళ్లీ ఓడతారు, మళ్లీ నొక్కుతారు, తెల్లారేసరికి 150 పాయింట్లు గోవిందా. నేను అలా ఎన్ని రాత్రులు పోగొట్టుకున్నానో మా మేనేజర్‌కి తెలిస్తే, ఉద్యోగం నేను మానేసే దాకా ఆగేవాడు కాదు.

మా నాన్న చెస్ ఆడరు. మిరప వేస్తారు. ఆయన దగ్గర చూసిందే నాకు బోర్డు దగ్గర ఎక్కువ పనికొచ్చింది. కల్లంలో కాయ ఆరబోసి ఉంటుంది, ఉన్నట్టుండి మబ్బు కమ్ముతుంది. అప్పుడు 'నిన్ననే ఎత్తేస్తే పోయేది, ఎవరు ఆపారు' అని ఎవరూ గొడవ పడరు. ముందు పట్టాలు లాగి కప్పుతారు. కప్పాక, టీ తాగుతూ తిట్టుకుంటారు. తడిసింది ఎంత, పొడిగా మిగిలింది ఎంత అనేది లెక్క. బోర్డు మీద కూడా అంతే. గుర్రం పోయింది. సరే. ఇప్పుడు నా దగ్గర ఏమున్నాయి? వాడికి నా రాజు మీద దాడి ఉందా? గడియారంలో ఎంత ఉంది? ఈ పొజిషన్‌ని ఇప్పుడే ఎవరో తెచ్చి నా ముందు పెట్టారనుకుని చూడాలి. పాత పొజిషన్ నాది కాదు, చచ్చిపోయింది.

తప్పు జరిగిందని తెలిసిన క్షణంలో నేను ఇప్పుడు చేసేది చెప్తాను. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంటాను. నవ్వొద్దు, చేతుల మీద కూర్చోమని చెప్పే కోచ్‌లు ఎప్పటి నుంచో ఉన్నారు. చెయ్యి పావు దాకా పోవాలంటే ముందు బయటికి రావాలి కదా, ఆ ఒక్క సెకను చాలు. తర్వాత ఊపిరి: నాలుగు లెక్కపెట్టేంత సేపు లోపలికి, ఏడెనిమిది లెక్కపెట్టేంత సేపు బయటికి. బయటికి వదిలేది ఎక్కువసేపు ఉండాలి, వదిలేటప్పుడే గుండె వేగం తగ్గుతుంది. మూడుసార్లు చేస్తే చాలు. నా ఎత్తు ఆడి గడియారం నొక్కాక, వాడు ఆలోచించేటప్పుడు లేచి నీళ్లు తాగి వస్తాను. మన టైమ్ నడుస్తుంటే మాత్రం లేవొద్దు.

ఎత్తు ఆడే ముందు ఒక్కసారి సరిచూసుకునే అలవాటు గురించి సోవియట్ గ్రాండ్‌మాస్టర్ కొటోవ్ ఒక ఉపాయం చెప్పాడు. ముందు ఎత్తుని కాగితం మీద రాసి, తర్వాత అప్పుడే ఆట నేర్చుకున్నవాడి కళ్లతో బోర్డుని ఒకసారి చూసి, ఆ తర్వాతే ఆడమన్నాడు. బాగుంది కదా? కానీ ఇప్పుడు ఫిడే రూల్ ప్రకారం ఆడకముందే రాయకూడదు. చాలా పాత వీడియోల్లో ఇంకా ఇదే చెప్తున్నారు, జాగ్రత్త. రాయకుండా చూడటానికి మాత్రం ఏ రూలూ అడ్డు లేదు. నేను ఒకటే ప్రశ్న వేసుకుంటాను: 'నేను ఇది ఆడితే వాడికి చెక్ ఉందా, ఏదైనా కొట్టేసేది ఉందా?'

రూల్స్ మాట వచ్చింది కాబట్టి, ఫోన్ పిల్లలం మనం పప్పులో కాలేసేవి గబగబా చెప్పేస్తా. పావు సరిగ్గా గడి మధ్యలో లేకపోతే, సర్దే ముందే 'అడ్జస్ట్' అని పైకి చెప్పాలి, ముట్టుకున్నాక చెప్తే లాభం లేదు. ఏ చేత్తో పావు జరిపామో ఆ చేత్తోనే గడియారం నొక్కాలి. చెల్లని ఎత్తు ఆడితే, ఉదాహరణకి చెక్ ఉన్నది చూసుకోకుండా ఇంకేదో ఆడి గడియారం నొక్కితే, మొదటిసారి ఎదుటివాళ్లకి రెండు నిమిషాలు ఇస్తారు, రెండోసారి గేమ్ పోతుంది. యాప్ అయితే అసలు జరపనివ్వదు కాబట్టి మనకి ఆ కన్ను ఉండదు. డ్రా అడగాలంటే ఎత్తు ఆడి, అడిగి, అప్పుడు గడియారం నొక్కాలి. ఏదైనా గొడవ వస్తే వాదించుకోవద్దు, గడియారం ఆపి చెయ్యెత్తి ఆర్బిటర్‌ని పిలవాలి. పదేళ్ల పిల్లలు కూడా పిలుస్తారు, మనమే మొహమాటపడతాం.

ఇక ఫోన్. హాల్లో ఫోన్ మీ ఒంటి మీద దొరికితే గేమ్ పోయినట్టే, మోగక్కర్లేదు. స్మార్ట్ వాచ్ కూడా అంతే. బయట ఎవరికైనా ఇచ్చేసి వెళ్లండి. ఇంకో మాట, ఇది రూల్ కాదు, నా సొంత అభిప్రాయం: రౌండ్‌కీ రౌండ్‌కీ మధ్యలో పాత గేమ్‌ని ఇంజిన్‌లో పెట్టి చూడొద్దు. ఇరవై మూడో ఎత్తు దగ్గర గెలుపు వదిలేశావని అది ఎర్ర గుర్తు పెట్టి చూపిస్తుంది. తర్వాతి గేమ్‌లో ఆ ఎర్ర గుర్తు పక్కనే కూర్చుంటుంది. ఇంటికొచ్చాక చూడండి.

ఇంట్లో ప్రాక్టీస్ చేసేదైతే నిజం బోర్డు మీద చేయండి. ఫోన్‌లో బోర్డు పై నుంచి కనిపిస్తుంది, బల్ల మీద పక్క నుంచి కనిపిస్తుంది, దూరంగా ఉన్న బిషప్ బంట్ల వెనక దాక్కుంటుంది. మా మేనల్లుడికి రోజుకొక గేమ్ బోర్డు మీద పెట్టించి, కాగితం మీద ఎత్తులు రాయిస్తున్నాను. మొదటి రోజు వాడు రాయడంలో పడి ఆడటం మర్చిపోయాడు. ఇప్పుడు నయం.

చివరిగా, నేను లేచి వెళ్లిపోయిన చోటికి వస్తా. పోకర్ టోర్నమెంట్‌లో చిప్స్ అయిపోతే మామూలుగా ఇంటికే. మన చెస్ ఓపెన్లలో అలా కాదు, స్విస్ పద్ధతి. ఓడితే బయటికి పంపరు, మీ అన్ని పాయింట్లే ఉన్న ఇంకొకరితో జోడీ కడతారు. అంటే ఓడేకొద్దీ మీకు తగిన జోడీ దొరుకుతూ ఉంటుంది. ఇంత దయ ఉన్న పద్ధతిని వదిలేసి నేను బస్సెక్కాను చూడండి.

2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ జరిగింది, పదకొండు రౌండ్ల స్విస్. మన కోనేరు హంపి మొదటి రౌండ్‌లోనే ఓడిపోయారు. అప్పటికి ఆవిడకి 37 ఏళ్లు. ఆ ఏడాది కొన్ని టోర్నమెంట్లలో ఆఖరి స్థానంలో నిలిచానని ఆవిడే చెప్పారు. మొదటి రౌండ్ ఓటమితో లేచి వెళ్లిపోవడానికి నాకన్నా ఆవిడకే ఎక్కువ కారణాలున్నాయి. ఆవిడ రెండో రౌండ్ ఆడారు. మూడోది ఆడారు. చివరికి 8.5 పాయింట్లతో, ఆఖరి రౌండ్ నల్ల పావులతో గెలిచి, ఛాంపియన్ అయ్యారు. 2019లో మాస్కోలో ఇదే టైటిల్ మొదటిసారి గెలిచినప్పుడు కూడా టైబ్రేక్‌లో మొదటి గేమ్ ఓడి, రెండోది గెలిచి, ఆర్మగెడాన్ దాకా వెళ్లి తెచ్చుకున్నారు. అలా అని ప్రతిసారీ కథ సుఖాంతం కాదు. 2025 జులైలో బటూమిలో ప్రపంచ కప్ ఫైనల్, టైబ్రేక్‌లో టైమ్ తక్కువైపోయిన దశలో తప్పు పడింది, దివ్య దేశ్‌ముఖ్ గెలిచింది. ఇన్నేళ్ల అనుభవం ఉన్నా గడియారం గడియారమే.

గుకేశ్ కూడా 2024 ఏప్రిల్‌లో టొరంటో క్యాండిడేట్స్‌లో ఏడో రౌండ్‌లో అలిరెజాతో టైమ్ చాలక గెలవగలిగిన ఆట ఓడాడు. మర్నాడు విశ్రాంతి రోజు. ఎనిమిదో రౌండ్‌లో విదిత్ మీద గెలిచాడు, ఆ టోర్నమెంట్‌లో మళ్లీ ఓడలేదు. ఏడో రౌండ్ తర్వాత ఎనిమిదోది. నా మూడో రౌండ్ తర్వాత నాలుగోది ఉంది. నేను ఆడలేదు, అంతే తేడా... అంతే అంటే మరీ ఎక్కువేమో లెండి, వాళ్లు కొంచెం బాగా కూడా ఆడతారు.

ఆ తర్వాత నేను వేరే ఊళ్లలో నాలుగు టోర్నమెంట్లు ఆడాను. అన్ని రౌండ్లూ ఆడాను. గొప్ప ఫలితాలేమీ లేవు, రేటింగ్ ఒకటి వచ్చింది, అది యాప్‌లో ఉన్నదాని పక్కన చూపించుకునేలా లేదు. చేతులు ఇప్పటికీ మొదటి అయిదారు ఎత్తులు వణుకుతాయి. కాబట్టి అందరి ముందే మా వాడికి జవాబు చెప్తున్నా: ఆర్బిటర్ ఏమీ అనరు నాన్నా. పావు పడిపోతే నీ టైమ్‌లోనే లేపి నిలబెట్టు, తర్వాత గడియారం నొక్కు.

శనివారం పొద్దున అయిదున్నరకి మా బస్సు. అక్క పులిహోర కడతానంది. వాడు పెన్నులు రెండు పెట్టుకున్నాడు, ఒకటి రాయకపోతే ఇంకోటి అని. టోర్నమెంట్ జరిగేది నేను లేచి వచ్చేసిన ఊళ్లోనే, అదే ఆడిటోరియం. ఇన్నాళ్లూ ఆ ఊరి పోస్టర్ కనపడితే పక్కకి జరిపేసేవాణ్ణి. ఈసారి వాడి పేరుతో పాటు నా పేరు కూడా ఇచ్చాను. వాడికి ఇంకా చెప్పలేదు, ఈ వీడియో చూస్తే తెలుస్తుంది. నాలుగో రౌండ్ ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకి.